ఎడమ కంటి మురుగుకాలువ

నా ఎడమ కన్ను దాదాపు మూడేళ్ళు ఏడ్చింది. ఆ ఏడుపుతో నాకు ఏ సంబంధమూ లేదు. కుడి కన్ను కూడా మొదటి నుంచీ ఈ వ్యవహారంలో తలదూర్చకుండా పెద్దమనిషిలా ఉండిపోయింది.

ఇది పంతొమ్మిది వందల డెబ్భై మూడు. రెండు కళ్ళూ పొడిగా ఉన్న ఒక ఆదివారం పూట కూర్చుని రాస్తున్నాను. రాయమని ఎవరూ అడగలేదు. మొన్న బాపట్ల బస్టాండులో ఒకావిడ ఒక కన్ను చెంగుతో ఒత్తుకుంటూ, "నలుసు పడిందండి, ఆర్నెల్లయింది" అని పక్కావిడతో అంటుంటే విన్నాను. ఆర్నెల్లు కాపురం చేసే నలుసు లోకంలో ఉండదని చెప్పబోయేలోగా ఆవిడ బస్సు కదిలిపోయింది. ఆవిడకి చెప్పాలనుకున్నదే ఇది. కాస్త పొడుగైంది.

అరవై ఆరు, వానాకాలం

అప్పుడు నేను బాపట్లలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరుని. కుర్రాళ్ళ ఫ్లాస్కులో గులాబీ రంగు వచ్చిందో లేదో చూసి చెప్పడం నా ఉద్యోగం. ఒక సోమవారం నుంచి ఎడమ కంటికి ప్రతి బ్యూరెట్టు గొట్టమూ రెండుగా కనపడసాగింది. జేబురుమాలుతో తుడిస్తే ఒకటయ్యేది. నిమిషం తర్వాత మళ్ళీ రెండు.

వాళ్ళ రీడింగులు చూస్తూ నేను కన్ను తుడుచుకుంటుంటే మొదట్లో కుర్రాళ్ళు భయపడ్డారు. తర్వాత ధైర్యం వచ్చింది.

"సార్, నా రీడింగ్ మరీ అంత ఘోరంగా ఉందాండి?" అన్నాడొకడు.

"నీది కాదు నాయనా, నీ వెనకవాడిది" అన్నాను. ఆ ప్రశ్నకి ఆ సంవత్సరమంతా అదే జవాబు వాడుకున్నాను.

మా ఆవిడ సీతది తెనాలి. తెనాలి వాళ్ళు మాట దాచుకోరు. "ఉల్లిపాయలు తరిగేది నేను, ఏడ్చేది మీరా?" అంది. వారం చూసి, "డాక్టరుకి చూపించుకోండి" అంది. "నలుసేదో పడి ఉంటుందిలే" అన్నాను. నాకు ఆ అనుమానం రావడానికి కారణం ఉంది. మా అమ్మ రేపల్లెలో ఒక్కతే ఉండేది. శని, ఆదివారాలు నేను బాపట్ల నుంచి తెనాలి వెళ్ళి, అక్కడ రేపల్లె బండి ఎక్కేవాణ్ణి. కిటికీ పక్కన కూర్చుని తల బయటపెట్టడం చిన్నప్పటి అలవాటు. బొగ్గు ఇంజనుకీ ఒక అలవాటుంది, ఆ తలల మీద నుసి చల్లడం.

అరవై ఏడు

నలుసు అనగానే మా అమ్మకి భట్టిప్రోలు గుర్తొచ్చింది. అక్కడ నలుసు తీసే ఒక ముసలావిడ ఉండేది. ఊళ్ళో అందరికీ మామ్మే. ఆవిడ సాధనం నాలుక. రెప్ప తిరగేసి, నాలుక కొసతో కన్నంతా ఒకసారి తుడిచి, అరచేతిలోకి ఉమ్మి చూపించేది. అందులో నల్లటి గింజ ఉండేది.

"చూశావా నాయనా, ఎంత బొగ్గుముక్కో! ఇంత పెట్టుకుని ఎట్టా తిరిగావురా?"

మూడు సార్లు వెళ్ళాం. మూడు సార్లూ బొగ్గు దొరికింది. మూడూ ఒకే పరిమాణంలో ఉన్నాయి. బీఎస్సీ చదివినవాడికి అనుమానం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆవిడ చెయ్యి చల్లగా ఉండేది, మాట అంతకంటే చల్లగా ఉండేది, మా అమ్మ ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగు రేపల్లె తిరుగు ప్రయాణంలో తర్వాతి స్టేషను దాకా నిలిచేది. అక్కడ నేను జేబురుమాలు తీసేవాణ్ణి.

ఆ ఏడు నాకు బంధువర్గంలో గిరాకీ పెరిగింది. రేపల్లె చుట్టుపక్కల ఎవరింట్లో ఎవరు పోయినా పరామర్శకి అమ్మ నన్ను వెంటబెట్టుకెళ్ళేది. మిగతావాళ్ళు మాటలతో ఓదారుస్తుంటే నేను మాట్లాడకుండా కూర్చుని కన్ను తుడుచుకునేవాణ్ణి. నా ఎడమపక్క కూర్చున్నవాళ్ళకి నేను వెన్నలాంటి మనసున్నవాణ్ణి. కుడిపక్క కూర్చున్నవాళ్ళకి రాతి గుండెవాణ్ణి. మా పెద్దనాన్న వరసాయన పోయినప్పుడు ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, "కడుపున పుట్టినవాళ్ళకి లేదురా రాఘవా ఇంత బాధ" అంది. ఆవిడ కొడుకులిద్దరూ ఎదురుగా ఉన్నారు. ఈ రోజుకీ వాళ్ళు నాతో సరిగ్గా మాట్లాడరు.

చేసిన తప్పు కూడా చెప్పాలి. కంటి లోపలి మూల, ముక్కు పక్కన, చిన్న పొంగు లేచింది. వేలితో నొక్కితే మూలలోంచి తెల్లటి జిగురు వచ్చేది, పొంగు తగ్గేది, కన్ను ఒక గంట తేరుకునేది. నొక్కడం వైద్యమనుకున్నాను. ఏడాది పాటు క్లాసు ముందొకసారి, తర్వాతొకసారి నొక్కుకున్నాను. సీతకి చెప్పలేదు. చెబితే డాక్టరంటుందని తెలుసు.

అరవై ఎనిమిది, తెనాలి

దిండు గలీబు మీద మరకలు చూసి జబ్బు ముదిరిందని సీతే కనిపెట్టింది. నన్ను మారు మాట్లాడనివ్వకుండా తెనాలి తీసుకెళ్ళింది. అక్కడి కంటి డాక్టరు నడివయసు మనిషి, నవ్వు తక్కువ. ఆయన వరండాలో రెండు పొడుగు బెంచీలు ఉండేవి. అందరూ ఒక కన్ను మూసుకునో, రెండూ మూసుకునో కూర్చునేవాళ్ళు. అలాంటి చోట మంచి బట్టలు కట్టుకెళ్ళడం దండగ.

ఆ బెంచీ మీదే మస్తాన్ గారు పరిచయమయ్యారు. దర్జీ. సూదిలో దారం ఎక్కడం లేదని వచ్చారు. నేను అరగంటలో పదిసార్లు కన్ను తుడవడం చూసి ఇక ఆగలేకపోయారు.

"పంతులు గారూ, ఏమనుకోకండి. ఆ రుమాలు మిల్లు గుడ్డండి. గంజి ఉంటదండి. దాంతో రుద్దితే చర్మం లేచిపోతది."

నేను పంతుల్ని అని చెప్పలేదు. జేబు అంచున ఉన్న సుద్దపొడి చూసి గుర్తుపట్టారట. మరుసటి వారం పొట్లం కట్టి తెచ్చారు. ఉతికి ఉతికి మెత్తబడ్డ మల్లు పంచె ముక్కలు, అరడజను.

"అంచులు కుట్టలేదండి. కుడితే దారం గుచ్చుకుంటది."

దర్జీ అన్నవాడు కుట్టకుండా ఇచ్చిన గుడ్డలు లోకంలో అవే అయి ఉంటాయి. ఆ తర్వాత నా బుగ్గ మీద ఎర్రదనం పోయింది. కంటి జబ్బులో నాకు మొట్టమొదట పనిచేసిన వైద్యం అది.

ఆ మొదటి రోజే డాక్టరు నా కంటి మూల చూసి, ఏ నలుసూ లేదన్నారు. సన్నటి మొండి సూదితో కింది రెప్ప మూలలో ఉప్పునీళ్ళు ఎక్కించారు.

"గొంతులోకి ఏమన్నా వచ్చిందా?"

"లేదండి."

"ఉప్పగా?"

"ఏమీ లేదండి."

ఎక్కించిన నీళ్ళు ఎక్కించినట్టే తిరిగొచ్చి నా చొక్కా మీద పడ్డాయి. ఆయన సిరంజి పక్కన పెట్టి, "మీదేవూరు?" అన్నారు.

"రేపల్లెండి."

"అయితే తేలిగ్గా చెప్పొచ్చు" అని చేతికి అద్దం ఇచ్చారు. రెప్పల లోపలి మూలల్లో, పైన ఒకటి కింద ఒకటి, సూది మొనంత చిల్లులు చూపించారు. ముప్ఫై ఏళ్ళుగా నా ముఖం మీదే ఉన్నా నేను వాటిని చూడలేదు. కంట్లో నీరు ఏడ్చినప్పుడే కాదు, రోజంతా ఊరుతూనే ఉంటుందట. రెప్ప వేసినప్పుడల్లా ఆ చిల్లుల్లోకి దిగి, సన్న గొట్టాల మీదుగా ముక్కు పక్కన ఉన్న చిన్న సంచిలోకి, అక్కణ్ణుంచి ఇంకో గొట్టంలో ముక్కులోకి పోతుందట. గట్టిగా ఏడ్చినవాళ్ళకి ముక్కు కారేది అందుకే.

"మీకు పంటకాలువ బాగానే ఉంది. మురుగుకాలువ పూడింది. నీరు వచ్చేదే గానీ పోయే దారి లేదు. సంచిలో నిలవున్న నీరు కుళ్ళి చీము పడుతోంది. మీరు దాన్ని నొక్కుతున్నారు. అవునా?"

నేను సీత వైపు చూడలేదు. ఆవిడ మాత్రం నా వైపే చూస్తోందని తెలుస్తూనే ఉంది.

దారులు రెండున్నాయన్నారు. సంచి తీసేస్తే చీము పోతుంది, కన్ను మాత్రం జీవితాంతం కారుతూనే ఉంటుంది. లేదా ముక్కు ఎముకకి చిల్లు పెట్టి కొత్త దారి తియ్యాలి. అది నిలిస్తే నీరూ ఆగుతుంది, నిలవకపోతే మళ్ళీ మొదటికే. ఏదైనా తొందరగా చేయించుకోమన్నారు. "ఇది ఒకసారి గడ్డకట్టి, చీము కంటి వెనక్కి తిరిగిందంటే, చూపు సంగతి నేను చెప్పలేను."

ఈ మాట రేపల్లె వెళ్ళి అమ్మకి చెప్పాం. అమ్మ విని, "కంటి దగ్గర కత్తి వద్దు" అంది. కారణం చెప్పలేదు. సీత నచ్చజెప్పబోతే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. సాయంత్రానికి మెత్తబడినట్టు కనిపించి, పురోహితుణ్ణి అడుగుదామంది. అప్పుడు మూఢం నడుస్తోంది. ఆ రోజుల్లో శుభకార్యాలు చెయ్యరు.

పురోహితుడు నెమ్మదైన మనిషి. చాలాసేపు ఆలోచించాడు. "ఆపరేషను శుభకార్యమైతే మూఢంలో పనికిరాదమ్మా. శుభకార్యం కాదంటారా, శుక్రవారం పనికిరాదు. రెండూ కాదంటే మరి నన్నెందుకడిగారు?"

"డాక్టరు గారు ఆపరేషన్లు చేసేది శుక్రవారమేనండి" అన్నాను.

"అయితే అన్ని విధాలా ఆగడమే మంచిది" అన్నాడు.

అమ్మకి కావలసింది ఆ మాటే. సీత తిరుగు బండిలో తెనాలి దాకా కిటికీలోంచి పొలాలే చూసింది. తెనాలిలో దిగాక, "మూఢం ఎప్పుడు పోతుందో మీ సంచికి చెప్పారా?" అంది.

మూఢం పోయింది. తర్వాత పరీక్షలొచ్చాయి. తర్వాత ఆషాఢమొచ్చింది. ఆగడానికి కారణాలు ఎప్పుడూ దొరుకుతాయి. నిజం చెప్పాలంటే నాకూ భయమే. దాన్ని అమ్మ పేరు మీద నడిపించాను.

అరవై తొమ్మిది, మాఘం

ఒక బుధవారం పొద్దున ల్యాబులో ఉండగా ముక్కు పక్కన ఎవరో నిప్పు అంటించినట్టయింది. మధ్యాహ్నానికి రెప్ప మూతబడింది. సాయంత్రానికి జ్వరం. నేను జోకులు వెయ్యడం మానేశానని చూసి సీత నిజంగా భయపడింది. తెనాలి బండిలో నన్ను కిటికీకి ఇవతల కూర్చోబెట్టి, దారి పొడుగునా, "ఇప్పుడు కనపడుతోందా?" అని రెప్ప ఎత్తి వేళ్ళు చూపించింది. "రెండు" అన్నాను. "మూడండీ" అంది. అది జోకు కాదు. నాకు రెండే కనపడ్డాయి.

అయిదు రోజులు పెనిసిలిన్ ఇంజెక్షన్లు. గడ్డ పగిలి చీము బయటికే వచ్చింది, లోపలికి తిరగలేదు. వాపు దిగితే చూపు మళ్ళీ కుదుటపడింది. "ఈసారికి అదృష్టం. రెండోసారి ఇట్లాగే ఉంటుందని నేను హామీ ఇవ్వను" అన్నారు డాక్టరు. వాపు పూర్తిగా పోవడానికి కొన్ని వారాలు గడువిచ్చి, ఒక శుక్రవారం చెప్పారు. కాగితం మీద సీత సంతకం పెట్టింది. అమ్మని అడగలేదు. కార్డు ముక్క మాత్రం రాసింది.

అమ్మ ముందురోజే వచ్చింది. వరండా బెంచీ మీద సీతకి వీపు పెట్టి కూర్చుంది. సీత కాఫీ తెచ్చిస్తే నాకిచ్చింది. నేను తాగాను. కోడలి కాఫీ అత్తకి, అత్త కాఫీ కొడుక్కి, ఇలా మూడు కప్పులు నేనే తాగాను.

సీత మందుల చీటీ పట్టుకుని లోపలికి వెళ్ళినప్పుడు అమ్మ నోరు విప్పింది.

"మీ తాతకి కళ్ళు పోయాయని తెలుసుగా నీకు."

"తెలుసు. పొరలొచ్చి పోయాయన్నారు."

"పొరలొచ్చి కాదురా. పెనుమూడి రేవులో అవతలి ఒడ్డు నుంచి పడవలో ఒకడొచ్చాడు. సూదితో పొర నెడతానన్నాడు. నెట్టాడు కూడా. మీ తాత లేచి ఏరు కనపడుతోందన్నాడు, పడవలు లెక్కపెట్టాడు. నాలుగో రోజుకి కన్ను వాచి పగిలింది. రెండోదీ అట్టాగే పోయింది. అప్పుడు నాకు పదేళ్ళు. కదలకుండా తల పట్టుకోమన్నారు. పట్టుకుంది నేనేరా."

ముప్ఫై రెండేళ్ళ వయసులో ఈ సంగతి మొదటిసారి విన్నాను. ఏదైనా అందామనుకున్నాను. నా దగ్గరున్న మాటలన్నీ నవ్వించే రకం. అందుకని మస్తాన్ గారి గుడ్డ ఒకటి తీసి ఇచ్చాను. అమ్మ రెండు కళ్ళూ తుడుచుకుంది.

ఎప్పుడొచ్చి నిలబడిందో, తలుపు దగ్గర సీత ఉంది. "అత్తయ్యా, రేపు ఎవరూ తల పట్టుకోనక్కర్లేదు. ఇక్కడ దానికి మనుషులున్నారు" అంది. అమ్మ ఆవిడ వైపు తిరగలేదు. కానీ బెంచీ మీద కాస్త జరిగి చోటిచ్చింది.

ఆపరేషను గురించి ఎక్కువ చెప్పను. మత్తు ముఖానికి మాత్రమే ఇచ్చారు, చెవులకి ఇవ్వలేదు. ఎముకకి చిల్లు పెడుతుంటే ఎవరో నా తల లోపల కూర్చుని కొబ్బరి చిప్ప గీకుతున్నట్టుంది. నొప్పి లేదు, చప్పుడే. డాక్టరు మధ్యలో, "పంతులు గారూ, మాట్లాడకండి" అన్నారు. నేను మాట్లాడలేదన్నాను. "ఇదిగో, ఇదే" అన్నారు. నెత్తురు గొంతులోకి దిగింది. అది ఉమ్మితే చూసి భయపడతారని మింగేశాను. అదీ తప్పేనట, తర్వాత తిట్టారు.

ఆరో రోజు కుట్లు తీశారు. నీళ్ళు ఎక్కించి చూస్తారనుకున్నాను. "మూడు వారాల దాకా సిరంజి పెట్టను. పచ్చి దారి, చెదిరిపోతుంది. అది నిలిచిందో లేదో అప్పుడు చూద్దాం. రోజుకి నాలుగుసార్లు చుక్కలు వేసుకోండి" అని పంపేశారు.

ఈ మూడు వారాల గురించి కంటి జబ్బు వాళ్ళకి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. నొప్పి ఉండదు. పనీ ఉండదు. కన్ను మునుపటిలాగే కారుతూ ఉంటుంది, అది వాపు వల్లో దారి పూడడం వల్లో తెలియదు. గంటకోసారి అద్దం చూసుకుంటారు. చూసుకోకండి, ఉపయోగం లేదు. వేలు పెట్టి నొక్కకండి, దాంతోనే ఇక్కడి దాకా వచ్చారు. ఇంకా ఇక్కడి దాకా రానివాళ్ళు, ఒక కన్ను ఊరికే కారుతూ నెల దాటితే, నలుసు మాట మరిచిపోయి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మీ బంధువులు మంచివాళ్ళే. వాళ్ళని తర్వాత అడగొచ్చు.

తెనాలిలో మా మామగారింట్లోనే ఉన్నాం. చుక్కలు వేసే పని అమ్మ తీసుకుంది. సీతకి ఇవ్వలేదు. వేళకి పది నిమిషాల ముందే సీసా పట్టుకుని నిలబడేది. రెప్ప లాగి, ఊపిరి బిగబట్టి, ఒక్క చుక్క వేసేది. వాళ్ళిద్దరి మధ్యా మాటలు ఇంకా, "ఉప్పెక్కడుంది", "అదిగో" దగ్గరే ఉన్నాయి.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం వసారాలో పడక్కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాను. అమ్మ చుక్క వేసింది. కన్ను మూసుకున్నాను. నిమిషం గడిచిందో లేదో, గొంతులో ఏదో తగిలింది. మింగాను. మళ్ళీ వచ్చింది.

"అమ్మా, చేదు."

"ఏంటి?"

"గొంతు చేదుగా ఉంది."

అమ్మ సీసా వెలుతురుకి ఎత్తి చూసింది. "అయ్యయ్యో! కంట్లో వేస్తే గొంతు చేదేంటిరా? ఏం చేశాన్రా నేను? సీతా! ఒసేయ్ సీతా! ఇట్రా!"

సీత పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది.

"వీడికి నోట్లో విషం దిగుతోందే! చేదంటున్నాడు!"

సీత నా వైపు చూసింది. నేను ఏమీ అనకముందే అర్థమైంది. పిండి చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది, ముఖమంతా పిండయింది. "అత్తయ్యా, దిగింది! దారి నిలిచింది! కంట్లో వేసింది గొంతులోకి వచ్చిందంటే దారి ఉన్నట్టేగా!"

అమ్మ నమ్మలేదు. అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాకింది. ముఖం ముడుచుకుంది. చేదే. అయినా అనుమానం తీరలేదు. "బాగున్న కంట్లో వేసినా ఇట్టాగే వస్తుందా?"

"వస్తుందండి. అందరికీ వస్తుంది" అంది సీత.

అమ్మ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. సీసా సీత చేతికిచ్చింది. తల వెనక్కి వాల్చి, "వెయ్యి" అంది.

సీత చేతులు కడుక్కొచ్చింది. ఎడమ చెయ్యి అత్తగారి నుదుటి మీద మెల్లగా ఆనించి, రెప్ప లాగి చుక్క వేసింది. ఒకరి మందు ఒకరు వేసుకోకూడదని డాక్టరు చెప్పిన సంగతి అప్పుడెవరికీ గుర్తులేదు. అమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. మేము ఆవిడ గొంతు వైపే చూస్తున్నాం. కాసేపటికి మింగింది. ఇంకోసారి మింగింది.

"వచ్చింది" అంది. కళ్ళు తెరవలేదు. "అదే చేదు. సీతా, నువ్వూ వేయించుకోవే."

సీతకి అమ్మ వేసింది. ముగ్గురం తలలు వెనక్కి వాల్చి, వసారా దూలాల వైపు మూసిన కళ్ళతో, మింగుతూ కూర్చున్నాం. వీధిలో పోయేవాళ్ళు ఏమనుకున్నారో తెలియదు.

"మాకు ఇట్టే వచ్చేసింది గానీ, అత్తయ్యా, మీ అబ్బాయికే కాస్త ఆలస్యమైంది" అంది సీత.

"ఆలస్యమైతే ఏంటే, వచ్చిందిగా" అంది అమ్మ.